భీమిలిలో కుట్టు షాపు పెడుతున్న అమ్మడికి

అమ్మడూ,

భీమిలిలో టైలరింగ్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సరిహద్దులో అల్లుడు పోయి ఏడాదిన్నర. గది దాటి రాని పిల్ల వెళ్లి షట్టరు అద్దెకు మాట్లాడుకుందంటే గుండె నిండింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అద్దె కాగితం నీ పేరునే రాయించుకో. పెన్షన్ డబ్బు, షాపు డబ్బు కలపకు. మోటారు మిషనే కొనుక్కో.

ఇన్వర్టరు పెట్టించు. దీనికి సాకులు చెప్పొద్దు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు విశాఖలో బ్లాకౌట్. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని కూర్చునేవాళ్లం. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని ప్రకటన వచ్చింది 9న. అదే రోజు రాత్రి గుజరాత్ వైపు డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగింది. 194 మంది పోయారు. మీ పెదనాన్న అందులోనే ఉన్నారు. చివరిచూపు కూడా దక్కలేదు. ఇప్పటికీ కరెంటు పోతే నాకు ఊపిరాడదు. నువ్వు చీకట్లో ఒక్కదానివే కూర్చోకూడదు తల్లీ.

ఇక అసలు మాట. రెండేళ్ల తర్వాత నేనూ వన్‌టౌన్‌లో వీధి గదిలో మిషను వేసుకున్నాను. నెల తిరక్కుండా జాకెట్ గుడ్డలు గుట్టపడ్డాయి. నా పనితనమే అనుకున్నాను. నిజానికి నాకు చంక కత్తిరింపు సరిగా రాదు. ఒక్కరూ ఆ మాట అనలేదు. యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్లని ఏమంటాంలే అనుకుని, పట్టుకెళ్లి పెట్టెలో పడేశారు. మళ్లీ రాలేదు. జాలిపడి వచ్చినవాళ్లని డబ్బులడగడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిది నెలలకు గది మూసేశాను. టెలిగ్రాం వచ్చిన రోజున రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

వారం తర్వాత చేపలమ్మే ఒకామె ఇంటికొచ్చి జాకెట్ నా ఒళ్లో పడేసింది. "ఏటమ్మా ఇది? చెయ్యెత్తితే చంక పిగిలిపోతంది. గంప ఎలాగెత్తుకోను?" అంది. నా మొహం మండిపోయింది. రాత్రంతా కూర్చుని విప్పి కుట్టాను, నాలుగుసార్లు. పొద్దున్న ఆమె తొడుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని చూసుకుంది. తర్వాత అర్ధరూపాయి కోసం నాతో బేరమాడింది! అన్నాళ్లలో నన్ను మామూలు మనిషిలా చూసింది ఆమే. మర్నాడే గది తెరిచాను.

అందుకే చెప్తున్నాను. నిన్ను చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు వస్తారు. మంచినీళ్లివ్వు. జాకెట్ మాత్రం అక్కడే తొడిగించి, చెయ్యెత్తమని అడుగు. ధరల బోర్డు గోడకి కట్టు. అల్లుడి ఫొటో కౌంటరు దగ్గర పెట్టకు. నా మీద కోపం తెచ్చుకోకు. ఆ ఫొటో చూస్తే బాగోలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదమ్మా. మిషను పక్కన, నీకొక్కదానికే కనపడేలా పెట్టుకో.

శనివారం బస్సెక్కి వస్తున్నాను. మీ అమ్మకి చెప్పకు, ఒంటరిగా రావద్దంటుంది. మీ పెదనాన్న కొనిచ్చిన కత్తెర సాన పట్టించి తెస్తున్నాను. జాకెట్ గుడ్డ కూడా. బాగోకపోతే మొహం మీదే చెప్తాను.

మీ దొడ్డమ్మ