బోరబండలో రెండు అంగన్‌వాడీలు, పాపను ఎక్కడ వేయాలి?

మూడేళ్ల పాపకి ఇంటి దగ్గరున్న రెండు అంగన్‌వాడీల్లో ఏది మంచిదని అడిగారు కదండీ. గోడల మీద బొమ్మలు చూసి తేల్చేయకండి. ఉదయం పదకొండింటికి చెప్పకుండా వెళ్లి కాసేపు కూర్చోండి. టీచర్ పిల్లల్ని ఆడిస్తూ, పాటలు పాడిస్తూ ఉన్నారా, లేక ఊరికే కూర్చోబెట్టి రిజిస్టర్లు రాసుకుంటున్నారా? నాకైతే ఇదే అన్నిటికన్నా ముఖ్యం. మా బాబుని మొదట పెద్ద గది ఉన్న సెంటర్‌లో వేశాం, రోజూ ఏడ్చేవాడు. పక్క వీధిలోని ఇరుకు గదికి మార్చాక, అక్కడి టీచర్ పేరు పెట్టి దగ్గరకు పిలిచేసరికి వారంలో అలవాటు పడ్డాడు.

3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు ఇవ్వాలి. వండే చోటు, తాగునీరు, బాత్రూమ్ చూడండి. బరువు, ఎత్తు నెలనెలా రాస్తున్నారో లేదో అడగండి. ఫీజు ఉండదు, ఆ టెన్షన్ వద్దు. ఆయా రోజూ వస్తారా అన్నది మాత్రం అక్కడికి పిల్లల్ని పంపే అమ్మలే చెప్పగలరు.