అమ్మలూ, ముందు నీ రక్తం సంగతి చూడు

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను.

సంక్రాంతికి మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నిన్ను గమనించాను. రాత్రి పదకొండుకి ఒక చెవిలో ఆఫీసు మీటింగు, రెండో చేత్తో ఇడ్లీ పప్పు కడగడం. పొద్దున పిల్లాడు వదిలేసిన ఉప్మా స్టవ్ పక్కనే నిలబడి నాలుగు ముద్దలు తిని, అదే టిఫిన్ అన్నావు. మూడో అంతస్తు ఎక్కేసరికి రెయిలింగ్ పట్టుకుని ఆగావు. "నిద్ర చాల్లేదు పెద్దమ్మా" అని నవ్వేశావు. అది ఒట్టి నిద్రలేమి కాదని నా అనుమానం.

ముప్పై రెండేళ్లు నర్సుగా చేసినదాన్ని. ఎన్ని వేల మందికి బీపీ చూశానో లెక్కలేదు గానీ నాది మాత్రం చూసుకోలేదు. నీ వయసులోనే నైట్ డ్యూటీలో సెలైన్ మారుస్తుంటే కళ్లు బైర్లు కమ్మి, మంచం పట్టీ పట్టుకుని కూలబడ్డాను. హిమోగ్లోబిన్ 7.2! ఆడవాళ్లకి 12 ఉండాలి. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, జుట్టు దువ్వెన నిండా రాలడం, చీటికీమాటికీ పిల్లల మీద విసుగు. అదంతా పని ఒత్తిడే అనుకున్నాను, చుట్టూ డాక్టర్లే ఉండి కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి ముందు రక్తపరీక్షలు చేయించు: రక్తకణాలూ హిమోగ్లోబిన్ లెక్క చెప్పే సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, షుగర్. ఫెరిటిన్ మానొద్దు. హిమోగ్లోబిన్ బాగానే కనబడుతూ ఒంట్లో దాచుకున్న ఐరన్ అడుగంటి ఉండొచ్చు, అప్పుడూ నీరసమే. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే టీతో వేసుకోకు, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. టీకీ మాత్రకీ గంటన్నా ఎడం ఉంచు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడకు. నెలకే ఓపిక వచ్చిందని ఆపేయకు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా నిల్వ నిండడానికి కొన్ని నెలలు వాడాలి.

రిపోర్టులన్నీ బాగుంటే అప్పుడు ఒత్తిడి సంగతి. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోను ఇస్తాయి. అది తెల్లవారుజామున పెరిగి మనల్ని లేపాలి, రాత్రికి తగ్గి పడుకోనివ్వాలి. నువ్వు అర్ధరాత్రి దాకా మెయిళ్లతో కుస్తీ పడుతుంటే అది తగ్గేదెప్పుడు? మంచమెక్కినా నిద్ర రాదు, లేచినా లేచినట్టుండదు. మెదడు నుంచి అండాశయాలకి వెళ్లే సంకేతాలు కూడా మందగించి నెలసరి తప్పొచ్చు. అయితే వరసగా రెండు మూడు నెలలు తప్పితే స్ట్రెస్సేలే అని నీకు నువ్వే సర్టిఫికెట్ ఇచ్చుకోకు, గైనకాలజిస్టుకి చూపించు. ఇంకోటి, ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి దవడ నొప్పిగానో, వీపు నొప్పిగానో, వికారంగానో, ఎన్నడూ లేని నీరసంగానో వస్తుంది. అలాంటిది ఉన్నట్టుండి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు.

ఇక పని. 2019లో కేంద్రం చేసిన సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దాని మీద పెడుతున్నారని వచ్చింది. మా అల్లుడు మంచివాడే, అడిగితే చేస్తాడు. ఆ అడగడమే నీకో పని! ఏం కూర, ఉప్పు నిండుకుందా, రేపు బాబు యూనిఫాం ఏ రంగు? ఇదంతా నీ బుర్రలోనే తిరుగుతుంటే చేతులు ఖాళీ అయి ఏం లాభం? సాయం అడగకు, పని అప్పగించు. బాబు టిఫిన్ ఇక అతనిది, ఏం చేయాలో ఆలోచించడం దగ్గర్నుంచి బాక్సు కడగడం దాకా. మొదటి వారం మాడుతుంది, మాడనీ. నువ్వు వెళ్లి కలియబెట్టకు. మీ పెదనాన్న అరవై రెండో ఏట కాఫీ పెట్టడం నేర్చుకున్నారు, ఇప్పుడు నేను పెట్టేది నచ్చడం లేదట.

"మేం పొలం పనీ చేశాం, ఆరుగురినీ పెంచాం, మాకు లేని నీరసం మీకేంటి" అని మీ నాయనమ్మ అంటుందని తెలుసు. ఆవిడకీ ఉండేదే, పేరు పెట్టి చెప్పుకోలేదంతే. నలభై ఐదేళ్లకే ఎప్పుడు చూసినా కాళ్లు పీకుతున్నాయని గోడకి చేరబడేది. నేను కళ్లారా చూశాను.

శనివారం పొద్దున్నే పరగడుపున ల్యాబ్‌కి వెళ్లు. రిపోర్టు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. మీ అమ్మకి చెప్పను లే, ఊరికే హైరానా పడుతుంది. మునగాకు ఎండబెట్టి పొడి కొడుతున్నాను, ఆదివారం బస్సులో వచ్చే మన పక్కింటి అబ్బాయితో పంపుతాను. కూర్చుని, వేడన్నంలో కలుపుకుని, నిమ్మకాయ పిండుకుని తిను.

మీ పెద్దమ్మ