హైప్ ఎక్కువైన గేమ్ బాగుండదా? పొగాకు బేలు దగ్గర నేర్చుకున్న జవాబు

మీరు రెండు విషయాలు అడిగారు. హైప్, అంటే విడుదలకు ముందు ఆర్భాటం, ఎక్కువగా ఉన్న వీడియో గేమ్‌లు చివరికి నాసిరకంగా తేలతాయన్న మాట నిజమేనా? రాబోయే జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) గేమ్‌కు ముందస్తుగా డబ్బు కట్టవచ్చా? రెండో దానికి ముందు జవాబు చెబుతాను: కట్టవద్దు. ఆ గేమ్ బాగుండదని నా అనుమానం కాదు, బాగుంటుందనే నా నమ్మకం కూడా. అయినా కట్టవద్దు. కారణం చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు ప్రకాశం జిల్లాలో టంగుటూరుకు దగ్గర. నాన్న వర్జీనియా పొగాకు రైతు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో పాటు వేలం కేంద్రానికి వెళ్లేవాణ్ణి. బేళ్లను, అంటే ఆకు కట్టిన పెద్ద మూటలను, వరుసలుగా పెట్టి ఉంచేవారు. కొనుగోలుదారులు వరుస వెంట నడుస్తూ ఒక్కో బేలు దగ్గర ఆగి, ఆకు లాగి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి ధర పలికేవారు. పైన మేలురకం ఆకు పేర్చి లోపల నాసిరకం పెట్టి కట్టడాన్ని అక్కడ నెస్టింగ్ అంటారు. అందుకే అనుభవం ఉన్న మనిషి పైఆకును పట్టించుకోడు. చేతిని బేలు నడుమకు పోనిచ్చి అక్కడి ఆకు బయటికి లాగుతాడు. ఎవరూ ధర పలకని బేలు నోబిడ్ అయి, మళ్లీ బండెక్కి ఇంటికి వస్తుంది. అలా జరిగిన రోజు నాన్న సరిగా అన్నం తినేవారు కాదు.

పైఆకు మిలమిలలాడుతోందంటే లోపల చెడిపోయిందని అర్థం కాదు. మా నాన్న కట్టిన బేలులో పైనా లోపలా ఒకటే ఆకు ఉండేది, పైఆకు కూడా అందంగానే ఉండేది. లోపలి ఆకు ఎలా ఉందో పైఆకు చెప్పలేదు, అంతే. గేమ్‌ల హైప్ విషయంలో నా అభిప్రాయం సరిగ్గా ఇదే. ఆర్భాటం చూసి గేమ్ కొనేవారూ, ఆర్భాటం చూసే గేమ్‌ను తిట్టిపోసేవారూ ఇద్దరూ పైఆకునే చూస్తున్నారు.

2004, 2005 ప్రాంతంలో ఒంగోలులో ఇంటర్ చదివేటప్పుడు లాయర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లేవాళ్లం. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడేవాళ్లం. వాటికి ట్రైలర్లు ఉంటాయని కూడా మాకు తెలియదు. వైస్ సిటీ 2002లోనే విడుదలైందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఎవరో ఆడుతుంటే వెనుక నిలబడి చూడడమే మాకు అందిన ప్రచారం. కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసేవాళ్లు ఎంత మంది ఉంటే ఆ గేమ్ అంత బాగున్నట్టు. రెండు రోజులు ఎవరూ ముట్టుకోని గేమ్‌ను యజమాని కంప్యూటర్ నుంచి తీసేసేవాడు. అక్కడ మేము చూసినదంతా లోపలి ఆకే. అప్పట్లో ఆ విలువ తెలియలేదు.

ఉద్యోగం వచ్చి నెల్లూరులో ఉంటున్నప్పుడు తొలిసారి ట్రైలర్ చూసి ఒక గేమ్ కొన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఇద్దరు సైనికులు ఒకరికొకరు కాపు కాసుకుంటూ కూలిన వంతెన దాటే దృశ్యం ఆ ట్రైలర్‌లో ఉంది. నేనూ తమ్ముడూ ఒకే టీవీ ముందు కూర్చుని ఆడుకోవచ్చని అనుకున్నాను. వాడు అప్పుడు కావలిలో డిగ్రీ చదువుతున్నాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చాడు. డిస్కు పెట్టగానే ముందు పెద్ద అప్‌డేట్ దించుకోమంది. మా గదిలో అప్పుడున్న నెట్ వేగానికి అది దిగేసరికి ఆదివారం తెల్లవారింది. తీరా తెరిచి చూస్తే ఒకే తెర మీద ఇద్దరు ఆడే వీలే లేదు. ఇద్దరు ఆడాలంటే రెండు యంత్రాలు, రెండు డిస్కులు కావాలి. ట్రైలర్ మళ్లీ చూస్తే, అవి ఆటలోని దృశ్యాలు కావని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం మైపాడు బీచ్‌కు వెళ్లి వచ్చాం, రాత్రి బస్సుకు వాడు వెళ్లిపోయాడు. పోయిన డబ్బు కంటే ఆ ఆదివారమే నన్ను ఎక్కువ రోజులు బాధపెట్టింది.

ఇక అందరికీ తెలిసిన ఉదాహరణలకు వస్తాను. సైబర్‌పంక్ 2077ను పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2012లో ప్రకటించింది. 2015లో ఆ సంస్థ తెచ్చిన విచర్ 3 ఎంతో పేరు తెచ్చుకోవడంతో, తర్వాతి గేమ్ మీద ఆశ పెరగడం సహజమే. 2019లో హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్ వేదిక మీదికి వచ్చి తాను అందులో ఉన్నానని చెప్పాడు. 2020 ఏప్రిల్‌లో రావలసిన గేమ్ సెప్టెంబరుకు, తర్వాత నవంబరుకు జరిగింది. అక్టోబరు మొదట్లో గేమ్ సిద్ధమైందని ప్రకటించి, ఆ నెలాఖరులోనే ఇంకో 21 రోజులు వాయిదా వేశారు. చివరికి డిసెంబరు 10న వచ్చింది. అప్పటికే 80 లక్షల మంది ముందస్తుగా కొన్నారు. గేమ్ తయారీకీ ప్రచారానికీ పెట్టిన ఖర్చు ఆ ముందస్తు అమ్మకాలతోనే తిరిగి వచ్చిందని సంస్థ స్వయంగా చెప్పింది.

విడుదలకు ముందు సమీక్షకులకు పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ మీద గేమ్ ఎలా నడుస్తుందో కొనేవారికి చూపించలేదు. కష్టమంతా ఆ పాత యంత్రాల మీదే వచ్చింది. గేమ్ మధ్యలో ఆగిపోవడం, బొమ్మలు ఆలస్యంగా తేరుకోవడం, మనుషులు గోడల్లోంచి దూరిపోవడం. విడుదలైన వారానికే సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి దాన్ని తొలగించింది, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. ఒక బేలులోంచి ఆకు లాగి చూపించి వరుస మొత్తానికీ ధర పలికించుకున్నట్టయింది. ఇది వేలం కేంద్రంలో జరిగి ఉంటే మా నాన్న తరం రైతులు ఒప్పుకొనేవారు కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పొగాకును బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, కాల్చి దించాక తగిన పదును వచ్చేదాకా ఆగి కట్టాలి. తేమ ఎక్కువగా ఉండగానే తొందరపడి కడితే, ఎంత మంచి ఆకైనా లోపల బూజు పడుతుంది. వేలం తేదీ దగ్గరపడిందని, అప్పువాడు గుమ్మంలో ఉన్నాడని అలా కట్టి నష్టపోయినవాళ్లను మా ఊళ్లో చూశాను. హైప్ నాణ్యతను దెబ్బతీసేది ఇలాగే. ప్రచారానికి ఖర్చు పెట్టారు, తేదీ చెప్పారు, లక్షల మంది డబ్బు కట్టారు, వాటాదారులు లెక్కలు వేసుకున్నారు. ఇక గేమ్ పదునుకు రాకపోయినా కట్టి పంపవలసిందే. ట్రైలర్ చేసేవారు వేరు, రాత్రింబవళ్లు కూర్చుని లోపాలు సరిచేసేవారు వేరు. మొదటివారు ఇచ్చిన మాటకు రెండోవారు బాధ్యత మోస్తారు. అందుకే విడుదల రోజున గేమ్ తయారుచేసిన ఇంజనీర్లనూ చిత్రకారులనూ బూతులు తిట్టే అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు.

నో మ్యాన్స్ స్కై కథ ఇంకో రకం. ఇంగ్లండ్‌లోని హలో గేమ్స్ అనే చిన్న బృందం 2013 డిసెంబరులో దాన్ని చూపించింది. అందులోని గ్రహాల సంఖ్య మన లెక్కలో సుమారు 1.84 లక్షల కోటి కోట్లు. ఆ అంకె విన్నవాళ్లందరూ తమ కలను తామే అల్లుకున్నారు. 2016 ఆగస్టులో విడుదలైన వెంటనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకుని కూడా ఒకరికొకరు కనిపించలేదు. కోపం కట్టలు తెంచుకుంది. ఆ తర్వాత ఆ బృందం చేసిన పని నాకు చాలా గౌరవం కలిగించింది. మాట్లాడడం మానేసి పనిలో పడ్డారు. 2018 జూలైలో పలువురు కలిసి ఆడే అసలైన మల్టీప్లేయర్ తెచ్చారు, ఆ తర్వాతా ఏటా పెద్ద పెద్ద అప్‌డేట్లు ఇస్తూనే ఉన్నారు. కొన్నవారి దగ్గర వాటికి అదనంగా రూపాయి తీసుకోలేదు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో, మొదట్లో తిట్లతో నిండిపోయిన దాని పేజీ 2024 చివరికి ‘వెరీ పాజిటివ్’ స్థాయికి చేరింది.

మన దేశంలో ఫౌజీ అనే మొబైల్ గేమ్ కథ కూడా ఇలాంటిదే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించిన రెండు రోజులకే దాన్ని ప్రకటించారు. అందరూ దాన్ని పబ్‌జీకి మారుగా ఊహించుకున్నారు. 2021 జనవరి 26న వచ్చింది చూస్తే ఒంటరిగా ఆడే చిన్న కథ, చేతులతో, కర్రలతో పోరాటం. ఆ గేమ్ మంచిచెడుల కంటే, అందరూ ఊహించుకున్న గేమ్‌కూ దానికీ ఉన్న దూరమే దాన్ని ముంచింది.

అలాగని హైప్ ఉన్నదల్లా ముంచుతుందని మాత్రం నమ్మకండి. హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ను ఆస్ట్రేలియాకు చెందిన అతి చిన్న బృందం 2019 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఏళ్లు గడిచాయి, ప్రతి గేమింగ్ వేడుకలోనూ జనం దాని కోసమే అడిగేవారు. వాళ్లు తొందరపడలేదు. గేమ్ పూర్తయ్యాక, విడుదలకు రెండు వారాల ముందు మాత్రమే తేదీ చెప్పి, 2025 సెప్టెంబరు 4న ఇచ్చారు. కొనేవారి తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు నిలిచిపోయాయి. గేమ్ మాత్రం నిజంగా గొప్పగా ఉంది. ఒక్క మాట ఒప్పుకోవాలి: సిల్క్‌సాంగ్‌ను కూడా సమీక్షకులకు ముందుగా ఇవ్వలేదు. అంటే చెయ్యి లోపలికి పోనివ్వని ప్రతివాడూ మోసగాడు కాదు. కానీ అక్కడ సమీక్షకులూ మామూలు ఆటగాళ్లూ అందరూ ఒకే రోజు చూశారు, ఎవరికీ ఏరిన ఆకు చూపలేదు. బాల్డర్స్ గేట్ 3 ఇంకా మేలు. 2020 అక్టోబరులోనే మొదటి అంకాన్ని అమ్మకానికి పెట్టి, దాదాపు మూడేళ్లు ఆటగాళ్ల మాట వింటూ సరిదిద్ది, 2023 ఆగస్టులో పూర్తి గేమ్ ఇచ్చారు. బేలును విప్పి పెట్టి, ఎక్కడైనా లాగి చూసుకోమన్నట్టు.

అసలు హైప్ లేకుండా వచ్చినవీ ఉన్నాయి. అమాంగ్ అస్ 2018లో వచ్చి రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. 2020లో, అందరూ ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో, ప్రపంచమంతా ఆడింది. గేమ్ అంతకుముందూ అదే. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడు. మడి దున్ని, విత్తి, నీళ్లు పెట్టే ఆ గేమ్‌ను మా నాన్నకు చూపించాను. చాలాసేపు చూసి, వానకు పంట పోవడం ఇందులో లేదా అని అడిగారు.

ఇప్పుడు మీ జీటీఏ 6 సంగతి. మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. 2025లో అన్న విడుదలను 2026 మే నెలకు, అక్కడి నుంచి నవంబరు 19కి జరిపారు. వాయిదా పడినప్పుడల్లా మిత్రులు నిరాశపడ్డారు గానీ నాకు సంతోషంగానే ఉంది, ఆకు ఆరనిస్తున్నారు. ఇదే సిరీస్‌లోని జీటీఏ 5 2013 సెప్టెంబరులో వచ్చి మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్ల అమ్మకాలు సాధించింది, ఆ పేరుకు తగ్గట్టే ఉంది కూడా. కానీ అంత మంచి గేమ్‌లోనూ రెండు వారాల తర్వాత తెరిచిన ఆన్‌లైన్ భాగం మొదటి రోజుల్లో సరిగా నడవక చాలా మంది ఇబ్బంది పడ్డారు.

డిజిటల్ గేమ్ ప్రతులు అయిపోవు. ముందు కట్టినవాడికీ పది రోజుల తర్వాత కట్టినవాడికీ అందే గేమ్ ఒకటే, పైగా రెండోవాడికి అప్పటికి సరిచేసిన గేమ్ అందుతుంది. పెద్ద గేమ్‌ల ధర ఇప్పుడు వేల రూపాయల్లో ఉంటోంది. విద్యార్థి అయితే అది చిన్న మొత్తం కాదు. మీ దగ్గర ఉన్న యంత్రం మీదే ఎవరైనా మామూలు మనిషి కత్తిరింపులు లేకుండా గంటసేపు ఆడిన వీడియో చూడండి. ఇంకో యంత్రం మీది వీడియో మీకు పనికిరాదు. పీసీ మీద స్టీమ్‌లో కొంటే, కొన్న 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటలే మీ చెయ్యి బేలు లోపలికి పోయే సమయం, కథ దృశ్యాలు చూస్తూ వృథా చేయకుండా అసలు ఆట ఆడి చూడండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే దించుకోవడం మొదలుపెట్టాక మామూలుగా డబ్బు తిరిగి రాదు, కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం.

సైబర్‌పంక్ 2077ను నేను 2024 సంక్రాంతికి ఆడాను. అంతకు కొన్ని నెలల ముందు, 2023 సెప్టెంబరులో, దాన్ని చాలావరకు తిరిగి మలిచిన 2.0 అప్‌డేట్ వచ్చింది. సగం ధరకు దొరికింది. తమ్ముడు కూడా పండక్కి ఊరికి వచ్చాడు. అదీ ఒక్కరే ఆడే గేమ్, అందుకని ఒకరు ఆడుతుంటే ఒకరు పక్కన కూర్చుని దారి చెబుతూ మూడు రాత్రులు గడిపాం. వానలో తడిసిన ఆ నగరం, ఒక్కో మనిషి మాట తీరు, చిన్న చిన్న వీధుల్లో కూడా పెట్టిన శ్రద్ధ చూసి ఇద్దరం చాలాసార్లు ఆగిపోయాం. తమ్ముడు ఒకచోట, ఇదంతా మొదటి రోజు కూడా లోపల ఉందా అన్నయ్యా అని అడిగాడు. చాలావరకు ఉందిరా అని చెప్పాను.