ఆనవాలు చెప్పేటప్పుడు ఒంటి రంగు ఎత్తవచ్చా?

ఆఫీసులో కొత్తగా చేరినావిడ ఎవరో తెలియాలని "నల్లగా ఉంటారు" అని చెప్పాననీ, పక్కనున్నవాళ్లు అదోలా చూశారనీ, అందులో తప్పేముందనీ మీరు అడిగారు. రంగు చెప్పడమే తప్పని నేను అనను. ఎవరి రంగు చెబుతున్నాం, ఎవరిది వదిలేస్తున్నాం అన్నది మాత్రం చూసుకోవాలి.

నేను నర్సుని. నాదీ నలుపే. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే మాటలు వింటే ఈ తేడా బాగా తెలుస్తుంది. కళ్లజోడాయన, కిటికీ పక్క బెడ్ ఆవిడ, రాత్రంతా దగ్గినాయన అంటూ వరసగా చెప్పుకుపోతారు. మధ్యలో ఒక్కరు మాత్రం "ఆ నల్లావిడ" అయిపోతారు. ఆవిడకీ కళ్లజోడు ఉంటుంది, ఆవిడా రాత్రంతా దగ్గే ఉంటుంది. ఆ పక్క బెడ్‌లో తెల్లగా ఉన్నాయన రంగు ఎవరి నోటా రాదు. అలా ఒక్కరికే రంగు అంటగట్టడం నాకు బాధగా ఉంటుంది. ఇక "నలుపైనా ముఖం కళగా ఉంటుంది" లాంటి పొగడ్తలు నేనూ చాలా విన్నాను. ప్రేమగానే అంటారు, కానీ రంగును లోటు కింద కట్టేసి మరీ పొగుడుతారు.

రంగు చెప్పి తీరాల్సిన సందర్భాలూ మా వార్డులోనే ఉన్నాయి. ఆక్సిజన్ పడిపోతే ఒళ్లు నీలంగా మారడం ముదురు చర్మం మీద తేలిగ్గా కనిపించదు. నాలుక, పెదవుల లోపలి భాగం, గోళ్లు చూడాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌నూ పూర్తిగా నమ్మలేం. అమెరికాలో పేషెంట్ల రికార్డులు చూసి 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. మీటరు పట్టుకోలేని ఆక్సిజన్ లోటు తెల్లజాతి పేషెంట్లలో కన్నా నల్లజాతి వారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇలాంటి చోట మొహమాటపడితే ప్రాణం మీదికి వస్తుంది. "చర్మం బాగా ముదురు రంగు, రీడింగ్ ఒక్కటే చూసి వదిలేయకండి" అని పేషెంటు ఎదుటే చెబుతాను. ఇంతవరకూ ఎవరూ నొచ్చుకోలేదు.

మీ విషయానికొస్తే, ఎత్తు, జుట్టు, ఆ రోజు వేసుకున్న బట్టలు, కూర్చునే చోటు, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా సరిపోతుంది. అవేవీ చాలకపోతే రంగు చెప్పండి. ఆవిడ ఎదురుగా ఉన్నా అదే గొంతుతో అనగలిగేలా చెప్పండి. తెల్లగా ఉన్నవాళ్ల ఆనవాలు అడిగినా ఇదే పద్ధతి పాటించండి.

రంగు చూసి జాతి మాత్రం ఊహించి చెప్పకండి. ఎండ తీవ్రంగా ఉండే ఆఫ్రికాలో, దక్షిణాసియాలో, పసిఫిక్ సముద్రంలోని మెలనీషియా దీవుల్లో తరతరాలుగా బతికిన జనాలకు ముదురు చర్మం ఉంటుంది. అంతమాత్రాన వాళ్లంతా దగ్గరి చుట్టాలు కారు. ఫారంలో జాతి అడిగే గడి ఉంటే నేను పేషెంటునే అడుగుతాను. వాళ్లు చెప్పింది నేను అనుకున్నదానికి వేరుగా ఉన్నా అదే రాస్తాను.