ఎమ్మారై నార్మల్, చెవిలో మోత మాత్రం ఆగట్లేదు: బ్రెయిన్ కనెక్టివిటీ స్కాన్ తీయించాలా?

అక్కర్లేదు. మామూలు ఎమ్మారైలో కణుతుల్లాంటివి కనిపిస్తాయి, మెదడు భాగాల మధ్య సంకేతాల తీరు కనిపించదు. అది ఫంక్షనల్ ఎమ్మారైలో తెలుస్తుంది, కనెక్టివిటీ స్కాన్ అంటే అదే. అయితే వినికిడి కేంద్రం, అమిగ్డలా (భయం, భావోద్వేగాల భాగం), డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ (ఏ పనీ లేనప్పుడు చురుగ్గా ఉండే భాగాలు), వీటి సంబంధాల్లో మోత ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పరిశోధనల్లో తేలిన తేడాలన్నీ గుంపు సగటులే. ఒక్కరి స్కాన్ చూసి వైద్యం నిర్ణయించలేరు. దానికి డబ్బు పోయకండి.

అందరూ వదిలేసేది ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత మేరకు వినపడుతోందో కొలిచే పరీక్ష. "నాకు బాగానే వినపడుతోంది కదా" అంటారు. వినికిడి ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో (సన్నని, కీచు శబ్దాల్లో) ముందు తగ్గుతుంది, మాటల్లో తెలియదు. చెవి నుంచి సంకేతం తగ్గితే మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది. మోతకు బలమైన వివరణ ఇదే.

1. ఆడియోగ్రామ్ కోసం ప్యూర్ టోన్ పరీక్ష, 250 నుంచి 8000 హెర్ట్జ్. నార్మల్ వస్తే 16000 దాకా చేసేచోట అడగండి.
2. లోపం ఉంటే వినికిడి యంత్రం ట్రయల్ తీసుకోండి.
3. రాత్రి ఫ్యానో, వాన శబ్దమో మోత కన్నా కాస్త తక్కువగా పెట్టండి. పూర్తిగా కప్పేయాలని సౌండ్ పెంచితే చెవికే నష్టం.
4. నిద్ర పట్టకపోతే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మానసిక చికిత్స). మోత పోదు, దాని బాధ తగ్గుతుంది.

మోత నాడితో పాటు కొట్టుకుంటుంటే రక్తనాళాల స్కాన్ వేరే కావాలి, ఈఎన్‌టీకి చెప్పండి. వినికిడి హఠాత్తుగా పడిపోతే మాత్రం అదే రోజు వెళ్లాలి.