ఫోటో చూసి గీయాలా, అక్కడికే వెళ్లి కూర్చోవాలా?

"ఊరి చుట్టూ ఉన్న ప్రకృతిని గీయాలని ఉంది, ఫోటో చూసి వేస్తే సరిపోదా?" అని అడిగారు. నేనూ చాలాకాలం అలాగే వేశాను. మాది శ్రీకాకుళం, అమ్మమ్మగారిది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు. అక్కడికి వెళ్లినప్పుడు బయట కూర్చుని గీయడమంటే బద్ధకం. ఎండ, చీమలు, వెనకాల గుమిగూడే పిల్లలు! ఫోన్లో నాలుగు ఫోటోలు కొట్టుకుని ఇంటికొచ్చి వేసేవాణ్ని. కొబ్బరితోట మొత్తానికీ ఒకటే ఆకుపచ్చ.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొన్నాళ్లకి వెళ్లాను. పెరట్లో అడుగుపెట్టగానే కళ్లు చికిలించాల్సి వచ్చింది. మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉండే చోట ఎండ తిన్నగా నేలమీద పడుతోంది. పనసచెట్టు వేళ్లతో సహా లేచి అడ్డంగా పడి ఉంది. నిలబడ్డ కొబ్బరిచెట్ల మట్టలన్నీ దువ్వినట్టు ఒకే పక్కకి తిరిగి, కొసలు మాడిపోయాయి.

పాత ఫోటోలు చూసి ఆ పెరడు మునుపటిలా వేసి అమ్మమ్మకి చూపించాను. "ఏట్రా, పనసచెట్టేదీ?" అంది. ఒక్క ఫోటోలోనూ లేదు. బావికి అడ్డొస్తోందని ప్రతిసారీ నేనే ఫ్రేములోంచి తప్పించాను! కొమ్మలు ఎటు సాగేవో ఆవిడ చేత్తో గాలిలో చూపిస్తుంటే పెన్సిల్‌తో గీసుకున్నాను.

అప్పట్నుంచీ వెళ్లి కూర్చునే వేస్తున్నాను. మీరు పక్షులు విడిది చేసే ఊరు తేలినీలాపురంతో మొదలుపెట్టండి. శీతాకాలంలో వెళ్తే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్ల మీదే కనిపిస్తాయి. దూరంగా కూర్చోండి, గూళ్ల కిందకి మాత్రం వెళ్లకండి. కొంగ కదులుతూనే ఉంటుంది కాబట్టి ముందు చెట్టు వేసుకోవడం నయం. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట కూడా బాగుంటుంది గానీ, పొద్దున్నే గాలిలో తేమకి వాటర్ కలర్ ఓ పట్టాన ఆరదు. తొందరపడి రెండో పూత వేస్తే బురదే. 300 జీఎస్ఎం, అంటే బాగా మందంగా ఉండే కాగితమైతే కాస్త తట్టుకుంటుంది.

రంగుల దగ్గర నేను తిన్న దెబ్బ కూడా చెప్తాను. కళింగపట్నం సూర్యోదయం ఒకటి అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపుతో వేసి కిటికీ ఎదుట తగిలించాను. రెండేళ్లకి ఆకాశంలో ఎరుపు పోయి బూడిదరంగు మిగిలింది. అది వెలుతురుకి వెలిసిపోయే రంగని కొన్నప్పుడు షాపువాడు చెప్పలేదు, నేనూ ట్యూబు మీద చదవలేదు. ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెనా లాంటి మట్టిరంగులకి ఆ బెంగ లేదు. ఎలాగూ ఉద్దానం నేలకి కావలసినవీ అవే.

ఏటా అక్టోబర్లో ఆ పెరడు ఒకసారి వేస్తాను, ఒకే చోట కూర్చుని. తుపాను తర్వాత పెట్టిన కొబ్బరిమొక్కలు నా తల దాటాయి. పనస ఉన్న చోట మామయ్య బాత్రూమ్ కట్టించాడు. దాన్నీ వేశాను.