పాత కారు సీటు కవర్లో ముడతలు పోవాలంటే ముందు కవర్ విప్పాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అరవైల నాటి కారు ముందు సీట్లకు కొత్త రెక్సిన్ కవర్లు కుట్టి ఎక్కించారు. ముందు మూలల్లో ముడతలు పోవడం లేదు, పైపింగ్ (కుట్టు వెంట ఉబ్బెత్తుగా కనిపించే సన్నటి తాడు అంచు) వంకర తిరిగింది, వీపు భాగం అంచున రావాల్సిన క్రోమ్ బీడింగ్ (మెరిసే లోహపు పట్టీ) దాని చోట దిగడం లేదు. ఇంకా గట్టిగా లాగి హాగ్ రింగులు (గుడ్డను చట్రానికి పట్టి ఉంచేలా నొక్కి మూసే తీగ కొక్కేలు) వేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. లాగడం ఆపేసి కవర్ విప్పండి. నా కారు సీట్లు, తర్వాత స్నేహితుల కార్లవి కలిపి ఇప్పటికి 11 సీట్లకు కవర్లు మార్చాను. పైన కనిపించే ముడతకు కారణం దాదాపు ప్రతిసారీ కిందే దొరికింది. లాగేకొద్దీ ముడత ఇక్కడ పోయి అక్కడ తేలుతుంది. ఈలోగా కుట్టు రంధ్రాలు సాగి నోళ్లు తెరుస్తాయి, అలా తెరుచుకున్న రెక్సిన్ మళ్లీ దగ్గరకు రాదు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సీటు నడిమి భాగానికీ, రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే గట్లకీ మధ్య పల్లం ఉంటుంది కదా, అందులో నాలుగు వేళ్లు ఆనించి నొక్కండి. నొక్కినప్పుడు మూలలో ముడత పోయి, వదలగానే తిరిగొస్తే తప్పు దొరికినట్టే. ఆ పల్లం వెంట కవర్ అడుగున సన్నటి గుడ్డ గొట్టం కుట్టి ఉండాలి. అందులో ఇనుప తీగ దూర్చి, ఆ తీగను ఫోములో ఉన్న చీలికలోంచి కిందికి దించి, చట్రానికో స్ప్రింగుకో హాగ్ రింగులతో కట్టాలి. ఈ తీగ కిందికి దిగకపోతే కవర్ ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకు డేరాలా పరుచుకుంటుంది. అంచులు ఎంత లాగినా డేరా బిగుస్తుందే తప్ప పల్లం దిగదు. కొత్తగా కుట్టేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ గొట్టాన్నే, ఎందుకంటే పాత కవర్ విప్పేటప్పటికే అది చివికిపోయి చేతిలో పొడైపోతుంది. పాత తీగలు పారేసి ఉంటే అంతే మందం గట్టి స్టీలు తీగ కోసుకుని, పల్లం వంపుకు తగ్గట్టు వంచుకోండి. కొనలు మాత్రం లోపలికి మడవాలి. మడవకపోతే కొన్నాళ్లకు కొన గుడ్డను చీల్చుకుని పైకి పొడుచుకొస్తుంది.

పల్లం సరిగానే ఉంటే ఫోము చూడండి. పాత ఫోము మీదే కొత్త కవర్ వేశారేమోనని నా అనుమానం. ఏళ్ల తరబడి బరువు మోసిన ఫోము ముందుగా అరిగేది మూలల్లోనే, ఆ తర్వాత కారు ఎక్కి దిగేటప్పుడు తొడ రాసుకునే బయటి గట్టు దగ్గర. కవర్ అసలు కొలతకు కుట్టి, లోపల ఫోము తగ్గి ఉంటే మిగిలిన గుడ్డ ముడతగా మారక ఏమవుతుంది? ఫోము మొత్తం మార్చనక్కర్లేదు. అరిగిన చోట 10 లేదా 12 మిల్లీమీటర్ల పలక అంటించి, దాని అంచులను కత్తెరతో ఏటవాలుగా పల్చన చేస్తే చాలు. బంక రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంత ఆరాకే కలపండి. తీగ దిగే చీలికలోకి మాత్రం బంక పోనివ్వకండి. మొత్తం మీద ఫోము కవర్ కంటే పిసరంత పెద్దదిగా ఉండాలి, అప్పుడే అది లోపలినుంచి గుడ్డను నింపుతుంది.

ఫోము తీసినప్పుడే కింద స్ప్రింగులనూ చూసెయ్యండి. తుప్పు గీకి రంగు వేసి, వాటి మీద కొత్త గోనెగుడ్డ పరిచి కట్టండి. గోనె లేకపోతే స్ప్రింగు చుట్లు ఫోమును రంపంలా కోస్తాయి. ఇక్కడ కారును బట్టి పద్ధతి మారుతుంది. పాత బీటిల్ సీట్లలో స్ప్రింగుల మీద రబ్బరు పట్టించిన పీచు మెత్తలు ఉంటాయి. వాటిని తీసేసి మెత్తటి ఫోము ఒక్కటే పెడితే మనిషి లోపలికి కూరుకుపోతాడు, స్ప్రింగులు ఒక్కొక్కటీ ఒంటికి తెలుస్తాయి. సిట్రోయెన్ 2సీవీలో అయితే గొట్టపు చట్రానికి రబ్బరు పట్టీలు వేలాడదీసి వాటి మీదే సీటు నిలబెట్టారు, అక్కడ సాగిన పట్టీ మార్చడమే సగం పని. మీ కారు ఏదో రాయలేదు, కానీ విప్పగానే అడుగు ఎలా ఉందో మీకే తెలుస్తుంది.

ఇక ఎక్కించే వరుస. కవర్‌ను అరగంట ఎండలో పెట్టి వెచ్చబరచండి. ఫోము మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిస్తే కవర్ పట్టుకోకుండా జారుతుంది, పని అయ్యాక లాగేయొచ్చు. మొదట పల్లం తీగలు. తర్వాత ముందు అంచు నట్టనడుమ ఒక్క రింగు, దానికి ఎదురుగా వెనక అంచు నడుమ ఒకటి, ఆపైన నడుమనుంచి మూలలవైపు జరుగుతూ రింగులు. మూలలు అన్నిటికంటే చివర. మీ పైపింగ్ వంకర తిరగడానికి కారణం మీరు ఒక మూలనుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి రావడమే అయ్యుంటుంది. గుడ్డ ఒకే దిక్కుకు తోసుకుపోతే పైపింగ్ దానితోపాటే మెలితిరుగుతుంది. ప్రతి రింగు ముందూ పైపింగ్ కింద కుట్టు అంచులు రెండూ ఒకే వైపుకు పడుకున్నాయో లేదో వేలితో తడిమి చూసుకోండి. ఒకచోట ఇటు, మరోచోట అటు పడితే పైనుంచి గీత తిన్నగా కనబడదు. ఇన్ని చేశాక మిగిలే చిన్న ముడతకు హాట్ ఎయిర్ గన్ వాడొచ్చు, కానీ ఒకేచోట నిలపకుండా చెయ్యి కదుపుతూనే ఉండాలి. నిలిపితే రెక్సిన్ మీది గరుకు కరిగి మెరిసే మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

బీడింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను బాగా నష్టపోయింది అక్కడే. బీడింగ్ దిగకపోవడానికి చాలావరకు కారణం మందం. ఫ్యాక్టరీ గుడ్డ పల్చన. ఇప్పుడు వచ్చే రెక్సిన్ మందంగా ఉంటుంది, వెనక స్పాంజి అంటించినదైతే ఇంకా ఎక్కువ. అది అంచు దగ్గర మడతపడి, కుట్టు అంచులు కూడా కలిస్తే గాడిలో చోటెక్కడ? బీడింగ్ కిందికి వచ్చే మేర వెనక స్పాంజిని గీకేయండి. కుట్టు అంచులను రెండూ ఒకే వెడల్పు ఉంచకుండా ఒకటి 5, ఇంకొకటి 10 మిల్లీమీటర్లకు కత్తిరించి మెట్టులా చేయండి. నేను ఇదేమీ చేయకుండా సుత్తితో కొట్టి దించబోయాను. బీడింగ్ దిగింది, కానీ వంపు దగ్గర క్రోమ్ చిట్లి సన్నటి గీతలు లేచాయి. అలాంటి బీడింగ్ ఇంకొకటి దొరకడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఇప్పుడైతే బీడింగ్‌కు టేపు చుట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి అరచేత్తోనే నొక్కుతాను. అలా దిగకపోతే మళ్లీ మందం తగ్గిస్తాను తప్ప బలం పెంచను. లోపలికి వంచే రేకు నాలుకలు ఉన్న రకమైతే వాటిని కొంచెం కొంచెంగా వంచండి. రెండు మూడుసార్లు వంచి లేపితే విరిగిపోతాయి.

స్క్రూ రంధ్రాలకు డ్రిల్ అస్సలు వాడొద్దు. నా మొదటి సీటుకు వాడాను. బిట్టు రెక్సిన్ వెనక ఉన్న నూలును చుట్టేసుకుంది, రంధ్రం చుట్టూ గుడ్డ పువ్వులా ముడుచుకుపోయింది, ఆ ముక్క మొత్తం మళ్లీ కోసి కుట్టాల్సి వచ్చింది. గుడ్డ పూర్తిగా బిగిశాక దబ్బనంతో మెల్లగా గుచ్చుతూ చట్రంలో రంధ్రం ఎక్కడుందో వెతకండి. దబ్బనం లోపలికి దిగగానే దాన్ని అక్కడే ఉంచి పక్క రంధ్రం ఇంకో దబ్బనంతో చూసుకోండి. రెండూ దొరికాకే స్క్రూ. బ్లేడుతో గంటు పెట్టకండి, గంటు కొనలనుంచి చిరుగు పాకుతుంది. స్క్రూలు పాత పొడవువే వాడండి, పొడవైనవి అవతలివైపు పొడుచుకొచ్చి వీపు గుడ్డను చింపుతాయి.

మళ్లీ కుట్టాల్సి వస్తే బాండెడ్ పాలియెస్టర్ దారం (పోగులు విడిపోకుండా పూత పూసినది) తీసుకోండి, ఎండకు నూలు దారం కంటే చాలాకాలం ఓర్చుకుంటుంది. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. మరీ దగ్గరగా కుడితే సూది రంధ్రాల వెంట రెక్సిన్ చినుగుతుంది.

పాత కవర్ ముక్కలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయని అనుకుంటాను. చివరి స్క్రూ బిగిసేదాకా వాటిని పారేయకండి. రంధ్రాలు ఎక్కడ ఉండాలో, గుర్తు గాట్లు ఏది దేనికి కలవాలో వాటిమీదే ఉంటుంది. అయితే వాటినే నమూనాగా పెట్టి కోసి ఉంటే మాత్రం అవి సాగినవని మరిచిపోవద్దు. డ్రైవరు సీటువి మరీ సాగి ఉంటాయి. అందుకే పని పక్క సీటుతో మొదలుపెట్టండి. మనిషి తక్కువగా కూర్చున్న సీటు కాబట్టి ఫోము అసలు ఎత్తు, మూల అసలు వంపు అక్కడే కొలుచుకోవచ్చు. ఆ కొలతలు కాగితం మీద తిరగేసి వేసుకుంటే డ్రైవరు సీటుకు పనికొస్తాయి.